పంజరమునందలి పక్షుల చేష్టలు



మా గోదావరిఖని వంటి బొగ్గుగనుల యూళ్లలో సైతము నేడు పలుయిండ్ల వసారాలలో చిన్న రంగుపక్షుల పంజరములు కానవచ్చును. అందరును వీనిని ‘లవ్ బర్డ్స్’ అందురు. నిజమునకు ఆ పేరు ఆఫ్రికా దేశపు వేరొక జాతిది. ఇవి ఆస్ట్రేలియానుండి వచ్చిన బడ్జెరిగారులు. మన రామచిలుకను పట్టుటయు, పెంచుటయు 1972వ సంవత్సరపు వన్యప్రాణి సంరక్షణ చట్టముచే నిషిద్ధములు.

ఈ పక్షుల చేష్టలను మేము అయిదు తరగతులుగా పంచుకొంటిమి. మొదటిది దేహపోషణము: మేత, నీరు, స్నానము, ముక్కుతో నీకలు దువ్వుకొనుట, తల వెనుకకు త్రిప్పి నిద్రించుట. రెండవది స్నేహము: ఒకదాని తలయీకల నొకటి సవరించుట, మగపక్షి తల యూపుచు, తాను మ్రింగిన గింజలను పైకి తెచ్చి యాడుపక్షి నోట పెట్టుట. మూడవది కలహము: పొడుచుట, తరుముట, అడ్డుపుల్లపై చోటుకై త్రోయుట. నాల్గవది బంధనదోషము: ఒకే త్రోవను విరామములేక తిరుగుట, తన యీకలను తానే పెరికికొనుట. అయిదవది వ్యాధి: పగటివేళ నీకలుబ్బించి పంజరపు టడుగున కూర్చుండుట, ఊపిరి తీసినప్పుడెల్ల తోక యూగుట. ఈ తుది గుర్తు కనబడినచో పశువైద్యునికి చూపుటలో జాగు చేయరాదు. పక్షి తన రోగమును కడదాక దాచుకొనును.

చూచుటకును ఒక పద్ధతి కలదు. కలహము కంటబడినంతగా నిద్ర కంటబడదు. కావున కంటికింపైనదే వ్రాసికొన్నచో లెక్క తప్పును. జంతువుల నడవడిని ఎట్లు గమనింపవలెనో జీన్ ఆల్ట్‌మన్ అను విదుషి 1974లో వివరముగా వ్రాసెను. అందలి యొక పద్ధతి మనకు సులభము. గడియారము చూచి నిమిషమున కొకమారు, ఆ క్షణమున పక్షి యేమి చేయుచున్నదో ఆ తరగతి క్రింద గీత పెట్టవలెను. ‘దిగులుగా నున్నది’ అని వ్రాయరాదు. కంట జూచినదే వ్రాయవలెను. నాల్గవ తరగతిలో గీతలు పెరిగినచో పెద్ద పంజరమును, తోడుపక్షిని, కొరుకుటకు మెత్తని కొమ్మలను సమకూర్చవలెను.

కంట జూచిన గుర్తు విలువ గనివారికి తెలియును. గనులలో అగ్నిప్రమాదము, ప్రేలుడు జరిగినప్పుడు కార్బన్ మోనాక్సైడ్ పుట్టును. దానికి రంగు లేదు, వాసన లేదు. వడివడిగా నూపిరి తీయు చిన్నప్రాణులు మనుష్యునికంటె ముందుగా దానికి లోనగునని బ్రిటిషు శాస్త్రజ్ఞుడు జాన్ స్కాట్ హాల్డేన్ చూపెను. అందుచే నచ్చటి గనులలోనికి కెనరీపక్షులను గొనిపోవుచుండిరి. పక్షి తూలినను, పడినను పనివారు వెలికి వచ్చెడివారు. 1986లో ఆ పనికి యంత్రములను నియమింప నిశ్చయించిరి.

ఆ వాయువే గాలాడని గదిలో బొగ్గు కుంపటినుండియు పుట్టును. కావున వంటయింట పంజరము నుంచరాదు. కుంపటి మండుచుండగా పక్షి తూలినచో, కారణమును వెదకుచు నిలువక, ముందు పిల్లలను బయటికి గొనిపోవలయును.