కడుపునొప్పి వస్తే మెడ వైపూ చూడాలి

మన ఇళ్లలో ‘థైరాయిడ్ ఉంది’ అంటే ఒళ్లు రావడం, నీరసం, పొద్దున్నే పరగడుపున ఓ మాత్ర. అది మెడలోని ఆ గ్రంథి మందగించినవారి సంగతి. అదే గ్రంథి అదుపు తప్పి అతిగా పనిచేస్తే వచ్చే హైపర్‌థైరాయిడిజం గురించి మాట్లాడేవారే తక్కువ. గుండె దడ, చేతుల వణుకు, ఆగని చెమటలు, ఎంత తిన్నా తగ్గిపోయే బరువు, మాటిమాటికీ విరేచనాలు... వీటిని టెన్షన్ అనుకుని నెలల తరబడి లాక్కొచ్చేవారున్నారు. ఆ జబ్బు రక్తం గడ్డకట్టే తీరునే మార్చేస్తుందన్న విషయం రోగి చెవిన పడటం మరీ అరుదు. పేగుల నుంచి కాలేయానికి రక్తం చేరవేసే సిరల్లో రక్తం గడ్డకట్టిన కొందరిలో అదుపులో లేని థైరాయిడ్ బయటపడిన కేసులు వైద్య పత్రికల్లో నమోదై ఉన్నాయి.

ఇందులో వింతేమీ లేదు. థైరాయిడ్ హార్మోన్ మోతాదు మించితే ఫ్యాక్టర్-8, వాన్ విల్లీబ్రాండ్ ఫ్యాక్టర్, ఫైబ్రినోజెన్ వంటి గడ్డకట్టించే ప్రొటీన్లు రక్తంలో పెరుగుతాయి. కట్టిన గడ్డను కరిగించే ఏర్పాటు నెమ్మదిస్తుంది. నెదర్లాండ్స్‌లోని లైడెన్ పరిశోధకులు 1995లో ప్రచురించిన అధ్యయనంలో ఫ్యాక్టర్-8 స్థాయి 150 శాతం దాటినవారికి, 100 లోపు ఉన్నవారితో పోలిస్తే, సిరల్లో రక్తం గడ్డకట్టే ముప్పు దాదాపు 5 రెట్లు కనిపించింది. అది కాళ్ల సిరల మీద జరిగిన పరిశోధన. అయినా ఒంట్లో తిరిగే రక్తం ఒక్కటే కదా! దానికి వాంతులు, విరేచనాలు, మన వేసవి ఎండ తోడైతే ఒంట్లో నీరు ఇంకి రక్తం మరింత చిక్కబడుతుంది.

పేగుల సిరలో రక్తం గడ్డకడితే రోగి నొప్పితో మెలికలు తిరుగుతాడు. పొట్ట నొక్కి చూస్తే మాత్రం మొదట్లో మెత్తగానే ఉంటుంది. అక్కడే పొరపాటు జరుగుతుంది. గ్యాస్ అనుకుని ఇంజెక్షన్ చేసి ఇంటికి పంపేస్తారు. ఎక్స్‌రే దీన్ని పట్టుకోలేదు. మామూలు అల్ట్రాసౌండ్‌కూ చిక్కకపోవచ్చు. సిరలోకి మందు ఎక్కించి తీసే సీటీ స్కానే దారి. ఆలస్యమైతే పేగు కుళ్లిపోతుంది, కోసి తీసేయాల్సి వస్తుంది.

ఇది అరుదైన జబ్బే. గడ్డకట్టడానికి కాలేయ వ్యాధి, కాన్పు, గర్భనిరోధక మాత్రలు, పుట్టుకతో వచ్చే ప్రొటీన్ లోపాలు వంటి కారణాలూ ఉంటాయి. థైరాయిడ్ పాత్రపై పెద్ద అధ్యయనాల బలం ఇంకా చాలదని కొందరు వైద్యులు అంటారు. ఆ మాట నిజమే. అయినా పరీక్ష మానడానికి అది కారణం కాదు. కారణం తెలియకుండా పొట్ట సిరల్లో రక్తం గడ్డకట్టిన ప్రతి రోగికీ టీఎస్‌హెచ్, టీ4 పరీక్షలు తప్పనిసరి చేయాలి. వేల రూపాయల జన్యు పరీక్షలు రాసే చోట కొన్ని వందలయ్యే పరీక్ష వదిలేయడం సమర్థనీయం కాదు.

పైగా చికిత్స కూడా దానిమీదే ఆధారపడి ఉంది. థైరాయిడ్ ఎక్కువగా ఉన్నప్పుడు వార్ఫరిన్ కొద్ది మోతాదుకే రక్తాన్ని బాగా పలచబరుస్తుంది. కార్బిమజోల్‌తో థైరాయిడ్ దారికొచ్చాక అదే మోతాదు చాలదు. ఈ లెక్క తెలియకపోతే ఒకవైపు రక్తస్రావం, మరోవైపు మళ్లీ గడ్డ. ఇంకో సంగతి: స్కాన్ కోసం ఎక్కించే మందులో అయోడిన్ ఉంటుంది, అది థైరాయిడ్ ఫలితాలను మార్చవచ్చు; గడ్డకట్టకుండా ఇచ్చే హెపారిన్ వాడితే టీ4 ఫలితం తప్పుగా ఎక్కువ కనిపించవచ్చు. అందుకే అవి మొదలుపెట్టకముందే కాస్త రక్తం తీసి పెట్టుకోవాలి. దాని ఫలితం కోసం స్కాన్ ఆపకూడదు. రెండు తెలుగు రాష్ట్రాల వైద్య ఆరోగ్య శాఖలూ బోధనాసుపత్రుల అత్యవసర విభాగాలకు ఈ పద్ధతిని రాతపూర్వకంగా ఆదేశించాలి.

రోగులకూ ఒక మాట. గుండె దడ తగ్గిందని కార్బిమజోల్ మీకు మీరే మానేయకండి. సన్నబడతామని థైరాక్సిన్ మోతాదు పెంచుకోకండి. తగ్గని కడుపునొప్పితో ఆసుపత్రికి వెళ్తే, థైరాయిడ్ మందుల చీటీ వెంట తీసుకెళ్లి, డాక్టర్ అడగకపోయినా చూపించండి.