ట్రాయ్‌లో లేచిన రోకలి



యుద్ధం బొమ్మ కనబడితే మన కళ్ళు ముందు గెలిచినవాడి మీదికే పోతాయి. ఈటె ఎవడి చేతిలో ఉంది, ఎవడి కాలికింద ఎవడున్నాడు అని చూస్తాం. మనకి చూడటం అట్లాగే నేర్పారు. ఈ అలవాటు వదిలించుకోవాలంటే ప్రాచీన గ్రీకు కుండల ముందు కాసేపు నిలబడాలి. ఈసారి వాటి గురించే రాస్తున్నాను.

గ్రీకు కుండలతో మనకేం పని అని కొందరు అడుగుతారు. దేవుళ్ళు, వీరుల కథ మట్టి పిసికేవాళ్ళ చేతికి చిక్కితే ఏమవుతుంది? ఈ ప్రశ్న ఎంత వాళ్ళదో అంత మనదీ.

ముందు ఆ చేతుల సంగతి చూద్దాం. ఏథెన్సులో కుండలు చేసేవాళ్ళ పేట పేరు కెరామికోస్. మన మాటల్లో కుమ్మరివాడ. క్రీ.పూ. 6, 5 శతాబ్దాల్లో అక్కడి కుండలు పడవలెక్కి ఇటలీలోని ఎట్రుస్కన్ల దాకా పోయాయి. వాళ్ళు వాటిని సమాధుల్లో పెట్టారు కాబట్టే ఇవాళ ఇన్ని మిగిలాయి. వాటిమీద మెరిసే నలుపు బయటినుంచి తెచ్చిన రంగు కాదు. మట్టినే మెత్తగా తేర్చి పూసి, ఆవంలో ముందు గాలి తగలనిచ్చి, తర్వాత గాలి మూసి, మళ్ళీ గాలి వదిలి కాలిస్తే వచ్చిన నలుపు. ఇంత రసాయనశాస్త్రం వేళ్ళ కొసల్లో ఉన్నవాళ్ళ గురించి తర్వాతి శతాబ్దంలో అరిస్టాటిల్ ఏమన్నాడు? ఉత్తమమైన రాజ్యం చేతిపనివాణ్ణి పౌరుడిగా చేసుకోదన్నాడు.

ఆ పేటలో ఏథెన్సు పౌరులున్నారు, బయటినుంచి వచ్చినవాళ్ళున్నారు, బానిసలూ ఉన్నారు. లుడోస్ అనే ఒక చిత్రకారుడు చిన్న పాత్రమీద సంతకం చేస్తూ తాను బానిసనని కూడా రాసుకున్నాడు. లుడోస్ అంటే లిడియావాడు అని. మనిషి పేరు పోయి ఊరి పేరే పేరైపోయిందన్నమాట.

ఇప్పుడు యుద్ధాల్లోకి వద్దాం. బ్రిటిష్ మ్యూజియంలో ఎక్సేకియాస్ సంతకమున్న ఒక కుండ ఉంది. క్రీ.పూ. 540-530 మధ్య చేసింది. అకిలీస్ అమెజాన్ల రాణి పెంథెసిలేయాని పొడుస్తున్నాడు. గెలిచినవాడి మొహం శిరస్త్రాణం వెనక దాగిపోయింది. ఓడిన స్త్రీ మొహం మాత్రం తెరిచి ఉంది. ఆమె తల తిప్పి అతని కళ్ళలోకి చూస్తోంది. మనకి గుర్తుండిపోయేది ఆ చూపే.

క్రీ.పూ. 515 ప్రాంతంలో యూఫ్రోనియోస్ బొమ్మలు గీసిన పెద్ద పాత్ర ఇంకోటి. న్యూయార్క్‌లోని మెట్రోపాలిటన్ మ్యూజియం 1972లో 10 లక్షల డాలర్లకి కొన్నది, దొంగ తవ్వకాల్లో బయటపడిందని తేలాక 2008లో ఇటలీకి తిరిగి చేరింది. దానిమీద శవం సార్పెడోన్‌ది. ట్రాయ్ పక్షాన పోరాడిన లిసియా వీరుడు, అంటే గ్రీకులకి శత్రువు. ఆ శత్రువు శవాన్ని నిద్ర, మృత్యువు అనే ఇద్దరు రెక్కల దేవతలు పసిబిడ్డని ఎత్తుకున్నంత జాగ్రత్తగా లేపుతున్నారు. గాయాల్లోంచి నెత్తురు ధారగా కారుతోంది. పాత్ర మధ్యలో చోటంతా ఓడినవాడిదే.

నా మనసు మాత్రం లూవ్ర్‌లో ఉన్న ఒక కప్పు దగ్గర ఆగిపోతుంది. ట్రాయ్ కూలిపోతున్న రాత్రి. ఊరంతా కత్తులు. అందులో ఒక స్త్రీ రోకలి ఎత్తి గ్రీకు సైనికుడి మీదికి దూకుతోంది. పక్కన పేరు కూడా రాసి ఉంది, ఆండ్రొమాకీ. యువరాజు హెక్టర్ భార్య. క్రీ.పూ. 480 ప్రాంతానికి చెందిన నేపుల్స్ కుండమీద కూడా రోకలెత్తిన ట్రాయ్ స్త్రీ కనిపిస్తుంది. ఆ పక్కనే ముసలి రాజు ప్రియామ్ బలిపీఠం మీద కూచున్నాడు, ఒళ్ళో మనవడి శవం. గుళ్ళో దాక్కున్నా వదల్లేదు. ఇది గ్రీకుల విజయమే. గ్రీకు చిత్రకారుడు దాన్ని ఊచకోతలా గీశాడు.

రోకలి ఏ అస్త్రశాలలోనూ ఉండదు. ధాన్యం దంచే చేతికే అది ఆయుధంగా తోస్తుంది. లూవ్ర్ కప్పు చేసిన కుమ్మరి సంతకం బ్రుగోస్. ఆ పేరుకి ఫ్రిజియావాడు అని అర్థం చెబుతారు. ఏథెన్సు నాటకాల్లో ట్రాయ్ వాళ్ళని పిలిచింది కూడా ఫ్రిజియన్లనే. పేరొక్కటి పట్టుకుని అతని పుట్టుపూర్వోత్తరాలు తేల్చలేం. ఆ పేరుగల మనిషి చేతిలో ఆ కథ రూపుదిద్దుకుందన్న సంగతి మాత్రం మర్చిపోలేం.

ఇక్కడ ఒక జాగ్రత్త కావాలి. శ్రమజీవి చేతిలోంచి వచ్చిందంటే అదంతా మన పక్షమే అనుకోవడం తేలిక. అది నిజం కాదు. దేవుళ్ళకీ జెయంట్లకీ జరిగిన యుద్ధాన్నే చూడండి. 6వ శతాబ్దపు కుండల మీద జెయంట్లు డాలు, ఈటె పట్టిన మామూలు గ్రీకు సైనికుల్లాగే ఉంటారు. 5వ శతాబ్దంలోకి వచ్చేసరికి చాలాచోట్ల వాళ్ళ ఒంటిమీద జంతుచర్మాలు, చేతుల్లో బండరాళ్ళు. కథ అదే, గెలుపూ దేవుళ్ళదే. ఓడినవాడొక్కడే మనిషినుంచి అడవి మృగానికి జారిపోయాడు. అట్లా జార్చిందీ ఆ కుమ్మరివాడే. కొనేవాడికి ఏం కావాలో అది గీయకపోతే పొయ్యి వెలగదు.

శత్రువు రాక్షసుడిగా పుట్టడు, గీతగీతకీ తయారవుతాడు. 1873లో 'గులాంగిరి' రాసినప్పుడు మహాత్మా ఫూలే దశావతారాల కథల్ని ఓడినవాళ్ళ వైపునుంచి చదివింది ఈ ఎరుకతోనే. గ్రీకు కుండల మీద ఆ తయారీ దశలవారీగా, తేదీలతో సహా కనబడుతుంది. పురాణాల మీద పనిచేసే విద్యార్థులు వీటిని వదులుకోకూడదని నేననేది అందుకే.

పురాణాన్ని మొత్తంగా నెత్తిన పెట్టుకోవడం, మొత్తంగా తగలబెట్టడం రెండూ చదవకుండా తప్పించుకునే దారులే. ఒక్కో బొమ్మ దగ్గర ఆగి చూడాలి. ఓడినవాడికి ఇక్కడ మొహం ఉందా? ఉంటే ఆ మొహం ఎవరు నిలబెట్టారు? లేకపోతే ఏ కాలంలో, ఎవరి అవసరానికి చెరిపేశారు?

రాజులు పోయారు, ట్రాయ్ పోయింది. ఆండ్రొమాకీ ఎత్తిన రోకలి మాత్రం రెండున్నర వేల ఏళ్ళుగా ఇంకా దిగలేదు.