చూలాలి బరువు: ఆపరేషన్ సంగతి దాచితే తల్లీబిడ్డలకు చేటు

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతాల్లో ఆడబిడ్డ కడుపుతో ఉందంటే ఇంటిల్లిపాదికీ ఒకటే పట్టింపు, ఒళ్లు చేసిందా లేదా అని. ఒళ్లు చేస్తే బిడ్డ బాగున్నట్టు, చేయకపోతే అత్తగారింట్లో సరిగా పెట్టడం లేదన్నట్టు లెక్క. ఆరోగ్య ఉపకేంద్రంలోని కాటా కూడా దాదాపు ఇదే మాట చెబుతుంది. నిండు నెలల నాటికి 9 నుంచి 11 కిలోలు, మూడో నెల దాటాక నెలకు రమారమి 2 కిలోలు పెరగాలన్నది నర్సమ్మలకు నేర్పిన లెక్క. చాలామందికి అది సరిపోతుంది. ఆ లెక్కకు అందని చూలాళ్లు కొందరున్నారు. బరువు తగ్గడానికి పొట్ట ఆపరేషన్ చేయించుకుని, ఆ తర్వాత గర్భం దాల్చినవారు.

ఇది కలిగినవారి గొడవ, పల్లెలకేం పట్టిందని కొట్టిపారేయడానికి లేదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన రాష్ట్రంలో 36 శాతం మంది స్త్రీలు ఉండవలసినదానికన్నా ఎక్కువ బరువున్నట్టు తేలింది. ఆ సర్వేలోనే గర్భిణుల్లో సగానికి పైగా రక్తహీనత కనిపించింది. ఒళ్లు లావుగా ఉన్నంత మాత్రాన ఒంట్లో రక్తం ఉన్నట్టు కాదన్నమాట.

ఈ ఆపరేషన్లలో ప్రధానమైనవి రెండు. ఒకదానిలో జీర్ణకోశంలో ముప్పాతిక భాగం పైగా కోసి తీసేస్తారు. రెండోది బైపాస్. కోడిగుడ్డంత చిన్న సంచిని మిగిల్చి, దాన్ని పేగుకు కలుపుతారు. తిండి తగ్గుతుంది, తిన్నదాంట్లో ఇనుము, సున్నం, విటమిన్లు ఒంటబట్టడం కూడా తగ్గుతుంది. బరువు తగ్గేకొద్దీ నెలసరి సర్దుకుని, ఏళ్ల తరబడి కడుపు పండనివారికి సైతం త్వరగా గర్భం నిలుస్తుంది. అందుకే కొందరు ఆపరేషన్‌కు సిద్ధపడేది కూడా. చిక్కంతా ఇక్కడే ఉంది. ఆపరేషన్ తర్వాత కనీసం ఏడాది నుంచి ఏడాదిన్నర గర్భం వద్దని వైద్యులు చెబుతారు. ఒళ్లు వేగంగా కరిగే ఆ కాలంలో బిడ్డకు అందవలసింది అందదేమోనని భయం. 'ఇంకా ఏమీ విశేషం లేదా?' అని వారానికోసారి అడిగే చుట్టాలకు ఈ సంగతి ఎవరు చెప్పాలి? బైపాస్ అయినవారికి మాత్రలు సరిగా ఒంటబట్టకపోవచ్చు కనుక, ఆ గడువులో మాత్రలను నమ్ముకోకుండా కాపర్-టి వంటి సాధనం వేయించుకోవడం మేలు. గడువుకు ముందే గర్భం వచ్చినా బెదిరిపోనక్కర్లేదు, తీయించుకోవాలనీ లేదు. పరీక్షలు మరింత తరచుగా చేయించుకుంటే సరి.

ఇంతకూ ఎంత బరువు పెరగాలి? వీరికంటూ వేరే పట్టిక లేదు. 2009లో అమెరికా వైద్య సంస్థ ఒకటి ప్రకటించిన లెక్కనే చాలామంది వైద్యులు వాడుతున్నారు. ఎత్తుకు తగిన బరువున్నవారు 11.5 నుంచి 16 కిలోలు, కాస్త ఎక్కువున్నవారు 7 నుంచి 11.5, బాగా ఎక్కువున్నవారు 5 నుంచి 9 కిలోలు పెరగాలి. చూడవలసింది గర్భం నిలిచేనాటి బరువు, ఆపరేషన్ నాటిది కాదు. అయిదడుగుల స్త్రీ 100 కిలోల నుంచి 70కి దిగి గర్భవతి అయిందనుకుందాం. ఆమెకు 5 నుంచి 9 కిలోలు చాలు. మరో 10 కిలోలు తగ్గి 60కి వచ్చాక గర్భం నిలిస్తే 7 నుంచి 11.5 కావాలి. కాటా ముల్లు కదలకపోయినా, వెనక్కి పోయినా బిడ్డ ఎదుగుదలను స్కానింగులో చూడాలి. 2006-2011 మధ్య కాన్పులపై స్వీడన్‌లో జరిగిన అధ్యయనం 2015లో వెలువడింది. ఆపరేషన్ అయినవారిలో గర్భంతో వచ్చే చక్కెర జబ్బు 2 శాతం లోపే. ఆపరేషన్‌కు ముందు వారున్నంత బరువుతో, ఆపరేషన్ లేకుండానే గర్భవతులైనవారిలో దాదాపు 7 శాతం. అంతవరకు లాభమే. కాని నెలలకు తగ్గట్టు ఎదగని బిడ్డలు ఒకవైపు సుమారు 16 శాతం, రెండోవైపు 8 శాతం.

ఇంట్లో జరిగేదేమిటి? అత్తమ్మ 'ఇద్దరి తిండి తినాల' అని సంగటి ముద్ద ముందు పెడుతుంది. ఆ పొట్టలో అది పట్టదు, కక్కుకుంటుంది. కోడలేమో లక్షలు పోసి తగ్గించుకున్న ఒళ్లు మళ్లీ వస్తుందని గుట్టుగా పస్తుంటుంది. రెండూ తప్పే. రోజుకు అయిదారు దఫాలుగా కొంచెం కొంచెం తినాలి, ముందు మాంసకృత్తులున్నవి తినాలి. కోడిగుడ్డు, పెరుగు, పప్పు, చెనిక్కాయలు, చేప, కోడి కూర. మాంసకృత్తులు రోజుకు 60 గ్రాములకు తగ్గకూడదు. గుడ్డులో ఉండేది 6 గ్రాములే. తింటూ నీళ్లు తాగితే చిన్న పొట్ట నిండిపోతుంది కనుక నీళ్లు అరగంట ఆగి తాగాలి. సీమంతంలో ఓళిగలు, పాయసం బలవంతంగా తినిపించే ముచ్చట వీరికి పనికిరాదు.

అన్నిటికన్నా భయపడవలసింది గ్లూకోజు పరీక్షకు. ప్రభుత్వ ఆస్పత్రుల్లో ప్రతి గర్భిణికీ 75 గ్రాముల గ్లూకోజు నీళ్లలో కలిపి తాగించి, రెండు గంటల తర్వాత రక్తం తీస్తారు. మంచి పద్ధతే. అయితే బైపాస్ అయిన స్త్రీ అది తాగితే చక్కెర ఒక్కసారిగా పేగులోకి దిగి దడ, చెమటలు, విరేచనాలు, కళ్లు తిరగడం రావచ్చు. మరో రకం ఆపరేషన్ అయినవారిలోనూ కొందరికి వస్తుంది. వీరికి ఆరో నెల, ఏడో నెల మధ్య ఒక వారంపాటు పరగడుపున, భోజనం తర్వాత వేలి నుంచి రక్తం తీసి చూస్తే సరిపోతుంది. కాని ఆపరేషన్ సంగతి తెలియని నర్సమ్మ ఆ గ్లాసు ఇవ్వక ఏం చేస్తుంది?

మాత్రల విషయమూ అంతే. 60 మిల్లీగ్రాముల ఇనుప మాత్ర 180 రోజులు అందరికీ ఇచ్చేదే. వీరికి అది చాలకపోవచ్చు, బి12 కూడా కావలసి రావచ్చు. రక్తపరీక్ష చూసి వైద్యుడు తేల్చాలి. ఇనుప మాత్ర, కాల్షియం మాత్ర ఒకే పూట మింగితే ఇనుము ఒంటబట్టదు. ఇక వాంతులు ఆగకపోతే మనవాళ్లకు తెలిసిన మందు ఒక్కటే, ఊళ్లో డాక్టరు చేత గ్లూకోజు బాటిల్ ఎక్కించడం. వీరికి ముందుగా బి1 విటమిన్ ఇవ్వకుండా అది ఎక్కిస్తే మెదడుకే ముప్పు రావచ్చు. బైపాస్ అయినవారికి కడుపులో తీవ్రమైన నొప్పి వస్తే గ్యాసని సోడా తాగించి ఊరుకోరాదు. పేగు మెలిపడి ఉండవచ్చు. ప్రొద్దుటూరు జిల్లా ఆస్పత్రికో, కడప సర్వజన ఆస్పత్రికో ఆ పూటే చేర్చాలి.

ఇంత తెలిసీ చాలామంది దాస్తారు. సంబంధాలు చూసేటప్పుడు దాచినది పెళ్లయ్యాక చెప్పలేరు, అత్తవారింట చెప్పనిది ఆశా కార్యకర్తకు అసలే చెప్పరు. ఆపరేషన్ జరిగేది పెద్ద పట్నంలో, కాన్పు జరిగేది పుట్టింటి దగ్గర. అక్కడి కాగితాలు ఇంగ్లీషులో ఉంటాయి, బీరువాలో ఉంటాయి. ఏ రకం ఆపరేషన్, ఏ తేదీన, గర్భం వస్తే ఏ పరీక్ష కూడదో తెలుగులో ఒక్క చీటీ రాసివ్వడం ఆపరేషన్ చేసినవారికి భారమేమీ కాదు. తల్లీబిడ్డల కార్డులో పాత జబ్బులు రాసేచోట ఇదీ రాయాలని జిల్లా ఆరోగ్యశాఖ నర్సమ్మలకు ఒక ఉత్తర్వు ఇవ్వవచ్చు. 'పొట్టకు ఏదైనా ఆపరేషన్ అయిందా?' అని పక్కకు పిలిచి, అత్తగారు లేనప్పుడు అడగమని అందులో చేర్చాలి. 2016 నుంచి ప్రతి నెలా 9వ తేదీన గర్భిణులకు ప్రభుత్వ ఆస్పత్రుల్లో డాక్టర్లు ఉచితంగా పరీక్షలు చేస్తున్నారు. ఆ చీటీ పట్టుకుని పోవలసింది ఆ రోజే.