సంతకానికి ముందు ఒక ప్రశ్న

కేసు ఓడిన కక్షిదారు సాయంత్రం వకీలు ఆఫీసుకొస్తాడు. అవమానం, అప్పుచేసి కట్టిన ఫీజు, రాత్రుళ్లు పట్టని నిద్ర అన్నీ కలిసి ఒక్క మాటగా బయటికొస్తాయి: ‘‘జడ్జిగారు అవతలి వాళ్ల మనిషండీ. పిటిషన్‌లో అదే రాయండి.’’ ఆ బాధ నిజమే. కానీ ఆ మాట కాగితమెక్కి, కింద న్యాయవాది సంతకం పడ్డాక అది కక్షిదారు కోపంగా మిగలదు. న్యాయవాది పూచీ అవుతుంది.

2025 జులైలో సుప్రీంకోర్టు ఈ సంగతే గట్టిగా గుర్తుచేసింది. తెలంగాణ హైకోర్టు న్యాయమూర్తికి పక్షపాతం అంటగట్టిన కేసు బదిలీ పిటిషన్‌ను చూసి, అప్పటి ప్రధాన న్యాయమూర్తి జస్టిస్ బి.ఆర్. గవాయ్ ధర్మాసనం పిటిషనర్‌తోపాటు న్యాయవాదులకూ ధిక్కార నోటీసులిచ్చింది. ఆ న్యాయమూర్తి ఎదుటే బేషరతుగా క్షమాపణ చెప్పమంది. ఆ క్షమాపణను న్యాయమూర్తి అంగీకరించారు. నవంబరులో వ్యవహారం ముగిసింది. ఇది కొత్త సూత్రమేమీ కాదు. తగిన ఆధారాలు ఉన్నాయో లేదో చూసుకోకుండా, కోర్టును కించపరిచే పిటిషన్‌పై సంతకం చేసే న్యాయవాది తానూ ధిక్కార దోషేనని 1954లోనే ఎం.వై. షరీఫ్ కేసులో రాజ్యాంగ ధర్మాసనం తేల్చింది.

న్యాయవాది కక్షిదారు చేతి మైకు కాదని బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నియమాలూ చెబుతున్నాయి. ఆచరణలో ఇది కష్టమే. ‘రాయను’ అంటే ఆ క్లయింటు ఫైలు పట్టుకుని పక్క ఆఫీసుకు వెళ్లిపోతాడు. అద్దె కట్టుకోవాల్సిన జూనియర్‌కు అది చిన్న నష్టం కాదు. అయినా ‘ఆధారమేది?’ అని అడగాల్సింది అక్కడే, ఆ బల్ల దగ్గరే.

అలాగని న్యాయమూర్తి తప్పు చేస్తే నోరు మూసుకోవాలని కాదు. తీర్పు తప్పయితే అప్పీలుంది. పక్షపాతానికి ఆధారముంటే విచారణ నుంచి తప్పుకోవాలని ఆ న్యాయమూర్తినే సూటిగా కోరవచ్చు. నిర్భయంగా వాదించడం న్యాయవాది ధర్మం. ఆధారం లేని నిందకు ఆ ధర్మాన్ని అడ్డుపెట్టుకోవడమే తప్పు.

ఈ క్రమశిక్షణ బెంచ్‌కూ ఉండాలి. ఒకరిపై వ్యాఖ్య చేసేముందు వారికి వివరణ ఇచ్చుకునే అవకాశం దక్కిందా, రికార్డులో ఆధారముందా, తీర్పుకు ఆ మాట అవసరమా అని చూసుకోవాలని 1963లో మహమ్మద్ నయీం కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. 2024 సెప్టెంబరులో ఒక కర్ణాటక హైకోర్టు న్యాయమూర్తి వ్యాఖ్యలను అత్యున్నత న్యాయస్థానం స్వయంగా విచారణకు తీసుకుంది. ఆయన క్షమాపణ చెప్పాకే దాన్ని ముగించింది. నిండు కోర్టులో, క్లయింటు కళ్లెదుట జూనియర్‌ను న్యాయమూర్తి కసిరితే ఆ దెబ్బ అతనొక్కడికే తగలదు. అతణ్ని నమ్మి వచ్చిన మనిషికీ తగులుతుంది.

ఇక న్యాయవాది తప్పు చేసినా, ధిక్కార అధికారంతో అతని లైసెన్సు రద్దు చేయలేమని, ఆ పని బార్ కౌన్సిళ్లదేనని 1998లో సుప్రీంకోర్టే స్పష్టం చేసింది. న్యాయవాదులపై వచ్చే ఫిర్యాదులను ఏడాదిలోగా తేల్చాలని అడ్వకేట్స్ చట్టం చెబుతోంది. బార్ తన ఇంటిని తాను చక్కదిద్దుకోకపోతే ప్రతి తగవూ ధిక్కారం దాకా పోతుంది.

‘రాయను’ అన్న న్యాయవాది ఆ సాయంత్రం ఒక ఫైలు పోగొట్టుకోవచ్చు. మర్నాడు ఆయన లేచి ‘ఇది రికార్డులో ఉంది మైలార్డ్’ అంటే, న్యాయమూర్తి ఆ మాటను నమ్ముతారు. ఆ నమ్మకం తర్వాత వచ్చే కక్షిదారుకు అక్కరకొస్తుంది.