బాన్సువాడ పిల్లయిన మలర్ టీచర్

నీలగిరి కొండల్లో ఓ కోటగిరి ఉంది. చలి, తేయాకు తోటలు, మలుపుల దారులు. బోధన్ దగ్గర కూడా ఓ కోటగిరి ఉంది. నిజాంసాగర్ కాలువలు, వరి మడులు, ఒకప్పుడు వరసకట్టిన చెరకు బండ్లు. ఆ కోటగిరిలో పుట్టిన అమ్మాయి ఈ కోటగిరి పక్కూరి పిల్లలా మాట్లాడి తెలుగువాళ్లను బుట్టలో వేసుకుంది. ఆమే సాయిపల్లవి. అక్కణ్నుంచి ఇక్కడికి ఆమెను నడిపించింది మాత్రం ఓ మలయాళ సినిమా. పేరు 'ప్రేమమ్'.

మొటిమల టీచరమ్మ

2015 మే 29న కేరళలో విడుదలైందా సినిమా. దర్శకుడు ఆల్ఫోన్స్ పుత్రెన్. కథ చెప్పమంటే రెండు నిమిషాల్లో అయిపోతుంది. జార్జ్ అనే కుర్రాడికి స్కూలు రోజుల్లో ఓ ప్రేమ, కాలేజీలో మరో ప్రేమ, సొంత కాళ్లమీద నిలబడ్డాక ఇంకో ప్రేమ. అంతే! కానీ చూసినవాళ్లకు అందులో తమ కాలేజీ, తమ దోస్తులు, తాము చేసిన తిక్క పనులు కనిపించాయి. జార్జ్‌గా నివిన్ పౌలీ నవ్వించాడు. కాలేజీకి గెస్ట్ లెక్చరర్‌గా వచ్చిన తమిళ టీచర్ మలర్ మాత్రం మనసులో ఉండిపోయింది. ప్రమాదంలో జ్ఞాపకం పోగొట్టుకున్న ఆమె జార్జ్‌ను గుర్తుపట్టని ఘట్టం దగ్గర, అంతవరకూ నవ్విన హాలు ఒక్కసారిగా మూగబోయింది.

మలర్ ముఖానికి మేకప్ లేదు. బుగ్గల మీద మొటిమలు అలాగే కనిపిస్తాయి. కట్టుకున్నవి మామూలు చీరలు. ఆ పాత్ర వేసిన సాయిపల్లవి అప్పటికి జార్జియాలోని టిబిలిసిలో డాక్టరీ చదువుతోంది. అంతకుముందే ఈటీవీ 'ఢీ'లో డ్యాన్సు చేసింది కానీ, మనవాళ్లకు పెద్దగా గుర్తుండిపోలేదు. 'ప్రేమమ్' తర్వాత ఆ మొటిమల ముఖమే ఆమెకు గుర్తింపు అయింది. అద్దం ముందు నిలబడి దిగులుపడే ఆడపిల్లలెందరికో అదో ధైర్యం.

'ప్రేమమ్' తెలుగులోకీ వచ్చింది. చందు మొండేటి దర్శకత్వంలో నాగచైతన్య హీరోగా 2016 అక్టోబరు 7న విడుదలైంది. అనుపమా పరమేశ్వరన్, మడొన్నా సెబాస్టియన్ తమ పాత్రల్లోనే మళ్లీ కనిపించారు. టీచర్ పాత్ర మాత్రం శ్రుతిహాసన్‌కు దక్కింది. అసలు మలర్ కోసం మనవాళ్లు మరో తొమ్మిది నెలలు ఆగాల్సి వచ్చింది.

నవ్వులపాలైన యాసకే...

2017 జులై 21న 'ఫిదా' వచ్చింది. శేఖర్ కమ్ముల దర్శకుడు. నిర్మాత దిల్ రాజు సొంతూరు నిజామాబాద్ పక్కనున్న నర్సింగ్‌పల్లి. కథ జరిగేది బాన్సువాడలో. అమెరికా నుంచి అన్న పెళ్లికోసం వచ్చిన వరుణ్‌కీ (వరుణ్ తేజ్), వదిన చెల్లెలు భానుమతికీ మధ్య మొదలైన అల్లరి ప్రేమవుతుంది. ట్రాక్టరు నడిపే ఆ పిల్లకు పంతం ఎక్కువ. నాన్నను, ఊరిని వదిలి పోనంటే పోనంటుంది. నాన్నగా వేసింది సాయిచంద్. గౌతమ్ ఘోష్ తీసిన 'మాభూమి'లో రామయ్య ఆయనే. ఒకనాడు తెలంగాణ రైతుకూలీ బిడ్డగా నిలిచిన నటుడు, ఇన్నేళ్లకు తెలంగాణ ఆడపిల్లల తండ్రిగా తెరమీదికి వచ్చాడన్నమాట.

అంతవరకూ తెలుగు సినిమాల్లో ఈ ప్రాంతం యాస ఎవరి నోట వినిపించేది? రౌడీ నోట. లేకపోతే కమెడియన్ నోట. హీరోయిన్ ఏ ఊరి పిల్లయినా పుస్తకం భాషే మాట్లాడేది. హైదరాబాద్ హాస్టళ్లలో, ఇంటర్వ్యూలలో నోరు తెరవడానికి వెనకాడిన నిజామాబాద్ పిల్లలకు ఆ నొప్పి బాగా తెలుసు. ఎవరో నవ్వుతారని మాట మింగేసిన రోజులవి. అలాంటిది భానుమతి తలెత్తుకుని అదే యాసలో దబాయిస్తుంటే, హాలంతా ఈలలు వేసింది. మాతృభాష తెలుగు కాని అమ్మాయి ఆ యాస పట్టుబట్టి నేర్చుకుని, తన గొంతుతోనే డబ్బింగ్ చెప్పింది. ఆ ఏడాది తెలుగులో ఉత్తమ నటిగా ఫిల్మ్‌ఫేర్ అందుకుంది.

ముచ్చట అక్కడితో ఆగలేదు. 2021 సెప్టెంబరు 24న 'లవ్ స్టోరీ' విడుదలైంది. మళ్లీ శేఖర్ కమ్ములే. ఈసారి ఊరు ఆర్మూరు. తెలుగు 'ప్రేమమ్' హీరో నాగచైతన్య, మలయాళ 'ప్రేమమ్' టీచర్ సాయిపల్లవి చివరికి కలుసుకున్నది ఈ జిల్లా కథలోనే. ఈసారి హీరో నోటా ఇదే యాస. కులం గోడలను, చిన్నతనంలో ఇంట్లోనే ఆడపిల్లకు జరిగిన అన్యాయాన్ని దాచకుండా చెప్పిన కథ అది.

పోయేవాళ్ల ఊళ్లో...

'ఫిదా'లో పచ్చటి మడులు చూసి పట్నంవాళ్లు మురిసిపోయారు. ఆ పచ్చదనం వెనక పెద్ద కథే ఉంది. మంజీర మీద నిజాంసాగర్ కట్టడం 1931లో పూర్తయింది. ఆ నీళ్ల ధైర్యంతోనే 1937లో బోధన్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ పుట్టింది. దాన్ని నమ్ముకుని శక్కర్‌నగర్ వెలిసింది. చుట్టుపక్కల పల్లెలన్నీ చెరకు వేశాయి. 2015 డిసెంబరులో ఫ్యాక్టరీ మూతపడింది. అంటే కేరళలో మలర్ టీచర్‌ను చూసి జనం మురిసిపోయిన ఏడాదే, బోధన్‌లో కార్మికులు రోడ్డున పడ్డారు.

ఇక నిజామాబాద్ జిల్లాకు గల్ఫ్ కొత్త కాదు. దుబాయి, మస్కట్ పోయిన కొడుకులు, భర్తలు లేని పల్లె ఇక్కడ అరుదు. పెళ్లయిన నెలకే వీసా వచ్చిందని బయల్దేరిన అల్లుళ్లున్నారు. తండ్రి ముఖం ఫోన్లోనే చూసి పెరిగిన పిల్లలున్నారు. పోవడమే తప్ప ఉండిపోవడం తెలియని ఊళ్లకు భానుమతి కథ అందుకే అంతగా నచ్చింది. అందులో ఆడపిల్ల పుట్టిల్లు వదల్లేదు. అమెరికా చదువు చదివిన పెళ్లికొడుకే పెట్టె సర్దుకుని బాన్సువాడ చేరుకున్నాడు.

సినిమాలో మధుప్రియ పాడిన పాట పేరు 'వచ్చిండే'. ఊరూరా పెళ్లిళ్లలో మోగిందది. మిగతావాళ్లకు అది హుషారు పాట. ఈ జిల్లాలో వాకిట్లో నిలబడి ఎదురుచూసే అమ్మకు మాత్రం... ఎన్నేళ్లుగానో వినాలనుకుంటున్న ఒకే ఒక్క మాట!