జర్మన్‌ పరీక్షకు తెలుగే తోడు

బొమ్మనహళ్ళి, హొంగసంద్ర చుట్టుపక్కల పీజీల్లో ఉంటున్న మన పిల్లల చేతుల్లో జర్మన్‌ పుస్తకాలు కనిపిస్తున్నాయి. పగలు ఉద్యోగం, రాత్రి భాషా పాఠం. కారణాలు తెలిసినవే. 2022లో భారత్‌, జర్మనీ వలసలపై ఒప్పందం కుదుర్చుకున్నాయి. నిపుణులైన భారతీయులకు ఏటా ఇచ్చే వీసాలను 20 వేల నుంచి 90 వేలకు పెంచుతామని 2024లో జర్మనీ ప్రకటించింది. అక్కడ నర్సుగా గుర్తింపు రావాలంటే సాధారణంగా బి2 స్థాయి భాష కావాలి. భర్త దగ్గరకు వెళ్లే ఆడపిల్లల్లో చాలామందికి కనీసం ఏ1 తప్పదు.

కాబట్టి పరీక్ష తప్పితే పోయేది ఫీజు ఒక్కటే కాదు. ఊళ్లో అప్పు తెచ్చి పంపిన అమ్మానాన్నల లెక్క తారుమారవుతుంది.

అందరూ భయపడేది మాట్లాడే పరీక్షకి. చదివే భాగం, అంటే లేజెన్‌, తేలికే అనుకుంటారు. అక్షరాలు ఇంగ్లీషువే కదా! చిక్కంతా అక్కడే ఉంది. తెలిసిన అక్షరాలు కనబడగానే బుర్ర ఇంగ్లీషులోకి వెళ్లిపోతుంది. జర్మన్‌లో 'వేర్‌' అంటే ఎవరు, 'వో' అంటే ఎక్కడ. రాతలో చూస్తే ఇంగ్లీషు మాటల్లాగే ఉంటాయి, అర్థం తలకిందులు. 'బెకొమ్మెన్‌' అంటే అవడం కాదు, పొందడం.

నేను చెప్పేది ఒక్కటే. జర్మన్‌ను ఇంగ్లీషు మీదుగా చదవకండి, తెలుగు మీదుగా చదవండి. తెలుగు మీడియంలో చదివాం, మాకెలా వస్తుంది అని వెనకాడేవాళ్లకు ఈ మాట మరీ ముఖ్యం.

ఎందుకంటారా? 'వైల్‌', 'ఓబ్‌వోల్‌' లాంటి మాటలు వస్తే జర్మన్‌లో ఆ వాక్యభాగానికి క్రియ చివరికి పోతుంది. ఇంగ్లీషుకి అది వింత. మనకు పుట్టుకతో వచ్చిన అలవాటు. క్రియ వచ్చేదాకా ఆగి అర్థం చేసుకోవడం మనకెవరూ నేర్పక్కర్లేదు. కొన్ని క్రియలైతే రెండు ముక్కలై, రెండో ముక్క వాక్యం చివర కూర్చుంటుంది. 'హ్యోరెన్‌' అంటే వినడం. చివర 'ఔఫ్‌' చేరితే ఆపేయడం. సగం చదివి జవాబు గుర్తించినవాడు అతను వింటున్నాడంటాడు. చివరిదాకా చదివినవాడికే అతను పని ఆపేశాడని తెలుస్తుంది.

పొడుగు మాటలూ అంతే. 'క్రాంక్‌' అంటే జబ్బు. దానికి ఇల్లు చేరిస్తే 'క్రాంకెన్‌హౌస్‌', ఆసుపత్రి. బండి చేరిస్తే 'క్రాంకెన్‌వాగెన్‌', అంబులెన్సు. పాలబండి అంటే బండే గానీ పాలు కాదని మనకు తెలుసుగా! చివరి ముక్క పట్టుకోండి, మాట విడిపోతుంది.

ఇక పరీక్ష సంగతి. గోథే ఇన్‌స్టిట్యూట్‌ బి1 పరీక్షలో లేజెన్‌కి 65 నిమిషాలు, 5 భాగాలు, 30 ప్రశ్నలు. గట్టెక్కాలంటే 18 సరిగ్గా రాయాలి. జవాబుల పత్రం నింపే సమయం కూడా ఆ 65 నిమిషాల్లోనే. నిఘంటువు, సెల్‌ఫోన్‌ కుదరవు.

మూడో భాగంలో 7 అవసరాలు, 10 ప్రకటనలు ఇస్తారు. ఒక అవసరానికి ఏ ప్రకటనా సరిపోదు. ఇక్కడ ప్రతి మాటా చదివితే టైమ్‌ అయిపోతుంది. సిల్క్‌బోర్డు వెళ్లే బస్సు కోసం కన్నడ బోర్డు ఎలా చూస్తాం? నంబరు, ఊరు.. అంతే. అలాగే వారం, వేళ, ధర, వయసు వెతకండి. నాలుగో భాగం వేరు. అందులో పాఠకుల అభిప్రాయాలుంటాయి, ప్రతి మాటా బరువే. 'త్స్‌వార్‌' అని మొదలెట్టి 'ఆబెర్‌' అంటే.. మనం 'నిజమే, కానీ' అన్నట్టు. అసలు అభిప్రాయం ఆ 'కానీ' తర్వాతే ఉంటుంది.

మూడు నెలల్లో బి1 గ్యారంటీ అనే వాళ్లకు డబ్బు కట్టేముందు ఒక్కసారి ఆలోచించండి. పాత పేపర్ల జవాబులు బట్టీ పడితే చదవడం రాదు. మాదిరి ప్రశ్నపత్రం, సుమారు 2,400 మాటల బి1 జాబితా గోథే ఇన్‌స్టిట్యూట్‌ ఉచితంగానే ఇస్తోంది. డాయిష్‌ వెలె సంస్థ పాఠాలకూ పైసా కట్టక్కర్లేదు. రోజూ అరగంట ఒక చిన్న వ్యాసం చదవండి. తెలియని మాట రాగానే ఫోన్‌ తీయకండి, పేరా చివరిదాకా వెళ్లి ఊహించండి. తర్వాత ఆ పేరా సారాంశం తెలుగులో రెండు ముక్కల్లో చెప్పుకోండి. చెప్పలేకపోతే అర్థం కానట్టే. వారానికోసారి గడియారం పెట్టుకుని మాదిరి పేపరు రాయండి.

ఒకవేళ లేజెన్‌లో తప్పినా బి1లో ఆ భాగం ఒక్కటే మళ్లీ రాసుకోవచ్చు. మొత్తం పోయిందని కుంగిపోవద్దు. తల్లిదండ్రులు కూడా ఎన్ని నెలల్లో అయిపోతుందని అడగడం తగ్గించి, ఈ రోజు ఏం చదివావని అడగాలి. చదివింది తెలుగులో చెప్పమనండి. పిల్లకు సాధన అవుతుంది, మీకూ వాళ్ల చదువు ఎంతవరకు వచ్చిందో తెలుస్తుంది.