పెరటిలో ఒత్తుగా నాటండి, కాని కత్తెర పట్టండి



మామిడికి మామిడికి నడుమ 33 అడుగుల ఎడముండవలెనని మీరు వినియే యుందురు. పెద్ద తోటకు ఆ మాట సరియైనదే. కాని వికారాబాద్, తాండూరు ప్రాంతపు గ్రామములలో ఇంటి వెనుక 32 అడుగుల పొడవు, 24 అడుగుల వెడల్పు గల పెరడున్నచో అదే గొప్ప. పాత లెక్కన అందులో ఒక్క మామిడికైనను చోటు చాలదు. అందుచేతనే పెక్కు పెరళ్లు కట్టెలకును, చెత్తకును పాలగుచున్నవి. పిల్లలకు జామకాయ కావలెనన్నను అంగడికే పోవలసి వచ్చుచున్నది.

ఇట్టి పెరటిలో ఒత్తుగా నాటుటయే మేలని నా అభిప్రాయము. గోడకు 4 అడుగులు, చెట్టుకు చెట్టుకు 8 అడుగులు విడిచినచో పై పెరటిలో 12 చెట్లు పట్టును. జామ 4, సీతాఫలం 3, నిమ్మ 2, దానిమ్మ 1, మామిడి అంట్లు 2 నాటవచ్చును. మామిడిలో బంగినపల్లి వంటి పెద్ద చెట్లు ఇందుకు తగవు. ఢిల్లీలో రూపొందిన ఆమ్రపాలి, మన పొరుగుననే సంగారెడ్డి పండ్ల పరిశోధనా స్థానములో రూపొందిన మంజీర వంటి పొట్టి రకములు మేలు.

అయితే ఒక షరతు కలదు. కత్తెర పట్టనివాడు ఒత్తుగా నాటరాదు. నాలుగేండ్లు వదలివేసినచో కొమ్మలు పెనవేసుకొని, ఎండ సోకక, కాపు పైకెక్కి, పెరడు పురుగులకును తెగుళ్లకును నిలయమగును. మొక్క నిలదొక్కుకొనగానే రెండడుగుల ఎత్తున తల త్రుంచి, నలుదిక్కులకు మూడు నాలుగు కొమ్మలు మాత్రమే ఉంచవలెను. అంటు మొక్కయైనచో కోత అంటుకు పైననే పడవలెను. పిమ్మట చెట్టును ఏటేట చేతికందు ఎత్తునకే ఆపవలెను.

కాసే చెట్టుకు కత్తి పెట్టరాదని పెద్దలందురు. జామ, సీతాఫలం కొత్త చిగుళ్లపై కాయును గనుక వాటికి కోత హాని కాదు, మేలే. సీతాఫలమును ఆకు రాలిన పిమ్మట, చిగురుకు ముందు కత్తిరించవలెను. మామిడిని మాత్రము కాయ కోసిన వెంటనే, జూన్, జూలై మాసములలో కత్తిరించవలెను. చలికాలమున కోసినచో ఆ యేటి పూత పోవును.

నాటుటకు ముందు నేలను చూడుడు. వికారాబాద్ వైపు ఎర్రనేలలలో నీరు నిలువదు గనుక పండ్ల చెట్లకు అనుకూలము. తాండూరు నల్లరేగడి కందికి పేరుగాంచినది. 2022లో ఆ కందికి భౌగోళిక గుర్తింపు కూడ లభించినది. కాని కందికి మంచిదైన నేల నిమ్మకు మంచిది కానక్కరలేదు. సున్నము హెచ్చుగానున్న చోట నిమ్మ ఆకులు పాలిపోయి, ఈనెలు మాత్రమే పచ్చగా మిగులును. అట్టిచోట నిమ్మకు బదులు జామ, సీతాఫలం పెంచుడు. మూడడుగులు త్రవ్వి చూచి, క్రింద బండ తగిలినచో మామిడి ఆశ మానుకొనుడు.

పన్నెండు చెట్లకు పన్నెండు చెట్ల ఎరువు, నీరు కావలెను. స్నానపు నీటిని పాదులకు మళ్లించి, రాలిన ఆకును పాదులలోనే పరచినచో వేసవి గడచును.

గ్రామాధికారులకు ఒక మనవి. 2015లో హరితహారము మొదలైనప్పటినుండి ఎన్నో ఇండ్లకు మొక్కలు పంచితిరి. పంచిన మొక్కల లెక్క వ్రాసినంతమాత్రమున పండు చేతికి రాదు. మొక్క ఇచ్చునాడే కొమ్మ కత్తిరించు విధానమును కూడ చేసి చూపించుడు. ఊరిలో ఒక్క పెరడు చక్కగా కాచినచో, తక్కినవారు దానిని చూచియే నేర్చుకొందురు.